మరీ బాగా పనిచేసిన గొట్టం

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంట్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, డ్యూటీ దిగి ఇంటికి వెళ్లకుండా వెనక వరుసల్లో ఆగిపోయిన నర్సులకు, వార్డు సిబ్బందికి, నాలాగే ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆస్పత్రి మంచం మీద పడుకుని పైకప్పు వైపు చూస్తూ గడిపిన మిత్రులకు, ఎవరి బలవంతం మీదో టై కట్టుకొచ్చి, దాన్ని వదులు చేసుకుంటే మర్యాద కాదేమోనని మెడ అటూ ఇటూ తిప్పుతూ అవస్థ పడుతున్న మా డాక్టరు గారికి నమస్కారం. వదులు చేసుకోండి డాక్టరు గారూ, ఎవరూ ఏమీ అనుకోరు. మెడ దగ్గర ఒత్తిడి ఎంత ప్రమాదమో మీకంటే, నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ హాల్లో లేరు. (నవ్వులు)

డాక్టరు గారి పదవీ విరమణ సభలో రోగుల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలని, ఆ ఒకరు నేనేనని సూపరింటెండెంట్ గారు ఫోన్ చేసి చెప్పారు. "అయిదు నిమిషాలు చాలమ్మా" అన్నారు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. అయిదు నిమిషాల్లో మేం హాజరు పిలవడం కూడా పూర్తి చేయం. కాబట్టి మీరు గడియారం వైపు చూసినా నేను మీ వైపు చూడను సార్, ముందే చెబుతున్నాను.

మా డాక్టరు గారు మెదడు ఆపరేషన్లు చేస్తారని మీ అందరికీ తెలుసు. ఆయన చేతి నైపుణ్యం గురించి ఇప్పటిదాకా మాట్లాడిన పెద్దలు చాలా చెప్పారు. నేను మాత్రం ఆయన చక్కగా చేసిన ఒక పని వల్ల నేను నడక ఎలా పోగొట్టుకున్నానో చెప్పడానికి వచ్చాను. కంగారు పడకండి, ఆయన అనుమతి తీసుకునే వచ్చాను. "చెప్పండి, కానీ కొంచెం దయతో చెప్పండి" అన్నారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మెదడుకి సంబంధించిన జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ తల్లో నీరు చేరింది. మన అందరి మెదడులోనూ ఎప్పుడూ కొంత నీరు ఊరుతూ ఉంటుంది, ఊరినది ఊరినట్టే ఇంకిపోతూ ఉంటుంది. నాకు ఊరడమే గానీ ఇంకడం మానేసింది. అప్పుడు మా డాక్టరు గారు నా తల్లోంచి ఒక సన్నటి గొట్టం వేసి, చెవి వెనక చర్మం కింద ఒక చిన్న కవాటం, అదే వాల్వు, పెట్టి, అక్కణ్నుంచి మెడ మీదుగా, ఛాతీ మీదుగా పొట్టలోకి దించారు. ఎక్కువైన నీరు పొట్టలోకి పోయి అక్కడ ఇంకిపోతుంది. దీన్ని షంట్ అంటారు. అప్పటికి డాక్టరు గారికి జుట్టు నిండుగా ఉండేది. ఈ మధ్య నుదురు ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు గానీ, అప్పుడు స్పష్టంగా తెలిసేది. (నవ్వులు)

ఇక్కడ మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన నీళ్ల పైపులు, మోటార్లు బాగు చేస్తారు. అదిగో, తలుపు దగ్గర నిలబడ్డారు, కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోరు. పెళ్లిచూపుల్లో నేను సిగ్గుపడుతూ నా తల్లో గొట్టం ఉందని చెబితే, ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "వాల్వు ఏ సైజు?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నాక నేను ఇంకో సంబంధం చూడమని అనలేదు.

ఆ గొట్టం పద్నాలుగేళ్లు ఒక్క రోజు కూడా మొరాయించలేదు. మా డాక్టరు గారికి అదొక గర్వం. ఏడాదికోసారి చూపించుకోవడానికి వెళితే, కొత్తగా చేరిన చిన్న డాక్టర్లందర్నీ పిలిచి, నా చెవి వెనక వేలితో నొక్కి చూపించి, "ఇది నేను వేసింది. ఇంతవరకూ విప్పలేదు" అనేవారు. కొందరు పాత స్కూటరును వీధిలోకి తోసి పదిమందికి చూపిస్తారు చూడండి, అచ్చం అలాగే. నేను ఆ స్కూటరులాగే కదలకుండా నిలబడేదాన్ని.

తర్వాత నా చేతులు మాట వినడం మానేశాయి. మొదట జాకెట్టు హుక్కులు దొరికేవి కావు. నేను బోర్డు మీద కాంపాస్ లేకుండా ఒక్క ఊపులో వృత్తం గీస్తానని మా స్కూల్లో పేరు. ఆ వృత్తం మెల్లమెల్లగా వంకాయ అయింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. తర్వాత కాళ్లు బిగుసుకుపోయాయి. మోకాళ్లు వంగవు, పాదాలు నేలకు అంటుకుపోయినట్టుండేవి. స్టాఫ్‌రూమ్ నుంచి క్లాసుకు గోడ పట్టుకుని నడిచేదాన్ని. ఒక పిల్ల తల్లి హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్లి, లెక్కల టీచరు తాగి వస్తున్నారని ఫిర్యాదు చేసింది. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ ఆ రోజు బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని ఏడ్చాను.

మా ఆయన వెంటనే తేల్చేశారు. "పైపు బ్లాక్ అయ్యుంటుంది" అన్నారు. ఆయన వృత్తిలో పైపు పాడైందంటే మూసుకుపోయిందనే అర్థం. ఆస్పత్రిలోనూ ముందు అదే అనుమానించారు. తల స్కాన్ తీశారు. నీరు ఎక్కడా నిలవలేదు. షంట్ అద్భుతంగా పనిచేస్తోంది. "చూశారా, నేను వేసింది" అన్నారు మా డాక్టరు గారు. అక్కడ కూడా ఆ మాట అన్నారు. (నవ్వులు) తల్లో ఏమీ లేదు కాబట్టి మెడ స్కాన్ తీశారు. మెడ పైభాగంలో, వెన్నెముక లోపల ఏదో గుబురుగా పెరిగి వెన్నుపామును రెండు వైపుల నుంచీ నొక్కుతోంది. చేతులకూ కాళ్లకూ కబుర్లు మోసుకెళ్లే తాడు అదే కదా. అది నలిగిపోతోంది. గడ్డ కావచ్చు అన్నారు. వెన్నెముక సర్జన్ గారు స్కాన్ చూసి, ఆలస్యం చేస్తే కాళ్లు పూర్తిగా పడిపోతాయని, మెడ వెనక ఎముక తొలగించి లోపల ఏముందో చూసి తీసేయాలని చెప్పారు. మా డాక్టరు గారు కూడా ఒప్పుకున్నారు. ఆపరేషన్‌కి రోజు నిర్ణయమైంది. జరగరానిది జరిగితే మెడ కింద నుంచి ఏదీ పనిచేయకపోవచ్చని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకం నాదిలా లేదు, నా చెయ్యి అప్పటికే అలా ఉంది.

ఇప్పుడు ముందు వరుసలో ఎడమ చివర కూర్చున్న మా అత్తగారిని మీరంతా ఒకసారి చూడాలి. అత్తయ్యా, మీరు తల దించుకోనక్కర్లేదు, మీ వంతు వచ్చింది.

ఆపరేషన్ మర్నాడనగా సాయంత్రం, బంధువులను లోపలికి వదిలే వేళకి, మా అత్తగారు వచ్చారు. డాక్టరు గారు నన్ను చూడడానికి వచ్చి వెళ్లబోతుంటే ఆవిడ ఆపారు. నా ధైర్యం గురించో, నా గుణం గురించో రెండు మంచి మాటలు చెబుతారేమోనని నేను కళ్లు మూసుకుని విన్నాను. ఆవిడ అన్నారు, "డాక్టరు గారూ, మీరు మెడ బాగు చేస్తారు సరే. ఈ పిల్ల పడక కూడా బాగు చేయండి. ఏడాదిగా చూస్తున్నాను, బడి నుంచి రావడం, మంచం ఎక్కడం. లేచి కూర్చుంటే తలనొప్పంటుంది. పడుకుంటే పోయిందంటుంది. మళ్లీ వంటింట్లోకి వస్తే నొప్పంటుంది. ఇదేం తలనొప్పండీ, పని చూసుకుని వస్తుంది?"

(నవ్వులు)

డాక్టరు గారు తలుపు దగ్గరి నుంచి వెనక్కి వచ్చారు. "ఏమన్నారు? మళ్లీ చెప్పండి" అన్నారు. మా అత్తగారు, తన మాట వినే మనిషి ఇన్నాళ్లకు దొరికాడన్న సంతోషంలో, ఇంకా వివరంగా చెప్పారు. సినిమాకి వెళితే సగంలో లేచి వచ్చేసింది, అన్నం తింటూ మధ్యలో వెళ్లి పడుకుంది, చుట్టాలు వస్తే వాళ్ల ముందే దిండు వేసుకుంది. ఆయన ఒక్కటీ వదలకుండా విన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "టీచర్ గారూ, ఇది నిజమేనా? పడుకుంటే పూర్తిగా తగ్గుతుందా?" అన్నారు.

"తగ్గుతుంది సార్" అన్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"తలనొప్పి ఎవరికి రాదు సార్? నడవలేకపోతున్నానని వచ్చాను గానీ తలనొప్పని రాలేదు. మీరూ అడగలేదు."

"అవును, నేను అడగలేదు" అన్నారాయన. ఆ మాట తనకు తాను చెప్పుకున్నట్టుగా అన్నారు. మంచం మీద లేపి కూర్చోబెట్టారు. కాసేపటికి నొప్పి వచ్చింది. పడుకోబెట్టారు. పోయింది. ఆయన మొహంలో రంగు మారింది. అప్పటికప్పుడు రంగు మందు ఎక్కించి తలకూ మెడకూ మళ్లీ స్కాన్ తీయించారు.

మర్నాడు పొద్దున నన్ను ఆపరేషన్ గౌనులోకి మార్చి, స్ట్రెచర్ కోసం ఎదురుచూస్తుండగా డాక్టరు గారు వచ్చారు. మా ఆయనా, అత్తగారూ పక్కనే ఉన్నారు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నిలబడి మాట్లాడి వెళ్లిపోయే డాక్టరు కూర్చున్నాడంటే మంచి కబురు కాదనుకున్నాం.

"ఈ రోజు ఆపరేషన్ లేదు" అన్నారు. "మీ మెడలో ఉన్నది గడ్డ కాదు. రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయి. అవి ఉబ్బడానికి కారణం నేను పెట్టిన షంట్."

మా ఆయన, "మూసుకుపోయిందా సార్?" అన్నారు, ఇంకా ఆశ వదలకుండా.

"లేదండీ. మరీ బాగా పనిచేస్తోంది. అవసరమైన దానికంటే ఎక్కువ నీరు లాగేస్తోంది, ఏళ్ల తరబడి. లేచి కూర్చుంటే ఇంకా ఎక్కువ లాగుతుంది, అందుకే ఆ తలనొప్పి. తల అంటే మూత బిగించిన డబ్బా. అందులో ఉండేవి మెదడు, నీరు, రక్తం. ఒకటి తగ్గితే ఆ చోటు ఇంకొకటి నింపాలి. నీరు తగ్గింది. మెదడు పెరగదు. కాబట్టి రక్తం వచ్చి చేరింది. వెన్నెముక లోపలా అంతే. వెన్నుపాము చుట్టూ దారాల్లాంటి రక్తనాళాలు ఉంటాయి, అవి తాళ్లంత లావెక్కి మెడ దగ్గర నొక్కేస్తున్నాయి. చాలా అరుదుగా జరుగుతుంది. నేను చదివాను గానీ ఎప్పుడూ చూడలేదు. ఈ రోజు మెడ తెరిచి ఉంటే మాకు దొరికేది గడ్డ కాదు, రక్తం."

"మెదడు పెరగదు" అన్నప్పుడు మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఆ సంగతి ఇంట్లో వేరేగా మాట్లాడుకున్నాం. (నవ్వులు)

నేను ఆ పొద్దున అంత సరదాగా లేను. గోడలు పట్టుకుని నడిచిన రోజులు, పిల్లల చూపులు, తాగి వస్తుందన్న మాట అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "అయితే సార్, ఇన్నేళ్లూ మీరు అందర్నీ పిలిచి చూపించి మురిసిపోయింది దీన్నేనా?" అన్నాను. మా అత్తగారు నా చెయ్యి గిల్లారు.

డాక్టరు గారు నొచ్చుకోలేదు. కాదనలేదు. ఎవరి మీదికీ తోయలేదు. "దీన్నేనమ్మా" అన్నారు. నా మీద కోపగించుకుంటారేమోనని చూశాను. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అప్పుడు నా కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు, నాకు ఉన్నట్టుండి ఆయన్ని ఓదార్చాలనిపించింది. ఓదార్చలేదు లెండి, మా లెక్కల వాళ్లకు అది చేతకాదు.

(ఆగి) క్షమించండి. కొంచెం నీళ్లు ఇస్తారా.

పాత కవాటం తీసేసి, బయటి నుంచి అయస్కాంతంతో బిగించడానికీ వదులు చేయడానికీ వీలున్న కొత్త కవాటం పెట్టారు. ఇక్కడ అసలు చిక్కు ఉంది. మరీ బిగిస్తే తల్లో మళ్లీ నీరు చేరుతుంది, వదులుగా వదిలేస్తే మెడ నలుగుతుంది. అందుకని కొంచెం బిగించడం, చూడడం, ఇంకొంచెం బిగించడం. ఆ రోజుల్లో డాక్టరు గారు రోజూ వచ్చి నా మొహంలోకి అదే పనిగా చూసేవారు. పక్క మంచం ఆవిడ మా మీద ఏదో అపార్థం చేసుకుంది కూడా. (నవ్వులు) ఒకసారి కొంచెం ఎక్కువ బిగించి, నాకు వాంతులై, చూపు మసకై, మళ్లీ పరుగెత్తుకొచ్చి వదులు చేశారు. ఆ సాయంత్రం మా ఆయన వరండాలో ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మాకూ ఇలాగే అవుతుంది సార్. ఒక చుట్టు ఎక్కువ తిప్పామంటే జాయింటు దగ్గర కారుతుంది" అని ధైర్యం చెప్పారట. ఇంత పెద్ద సర్జన్‌కి ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో నాకు తెలియదు. ఇద్దరూ కలిసి టీ తాగారని మాత్రం తెలుసు.

ముందు తలనొప్పి పోయింది. కూర్చుని అన్నం మొత్తం తిన్న రోజున మా అత్తగారు నన్ను చూసి, "నీకు నిజంగానే నొప్పి ఉండేదన్నమాట" అన్నారు. అంతే అన్నారు. ఆ తర్వాత ఎప్పుడైనా మధ్యాహ్నం నేను నడుం వాలిస్తే గది తలుపు తనే దగ్గరగా వేస్తున్నారు. కాళ్లు నెమ్మదిగా వదులయ్యాయి. నెలల తర్వాత తీసిన మెడ స్కాన్‌లో ఆ నాళాలు మళ్లీ దారాలయ్యాయి. అన్నీ తిరిగి వచ్చాయని చెబితే అబద్ధం. ఎడమ చేతి రెండు వేళ్లకు ఇప్పటికీ ఎవరో తొడుగు తొడిగినట్టే ఉంటుంది, మెట్లు దిగేటప్పుడు కమ్మీ కావాలి. మిగిలినదంతా వచ్చింది. బడికి వెళుతున్నాను. వృత్తం గుండ్రంగానే ఉంది.

ఆ తర్వాత డాక్టరు గారు చేసిన పని చెప్పి ముగిస్తాను. సూపరింటెండెంట్ గారు అప్పుడే చేతులు చప్పట్లకు సిద్ధం చేస్తున్నారు, ఇంకొంచెం ఓపిక పట్టండి సార్.

ఇలాంటి సంగతి జరిగితే గుట్టుగా ఉంచేసుకోవచ్చు. రోగి బాగుపడింది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఈయన మాత్రం డాక్టర్ల పెద్ద సభలో, తెర మీద నా మెడ బొమ్మ వేసి, "ఈ షంట్ వేసింది నేను, తలనొప్పి గురించి అడగనిది నేను" అని మొదలుపెట్టారు. నన్నూ తీసుకెళ్లారు, వెనక కూర్చోబెట్టారు. ఒక డాక్టరు లేచి, చివరికి దీన్ని ఎలా కనిపెట్టారని అడిగితే, "రోగి అత్తగారు కోడలి మీద చాడీలు చెబుతుంటే విన్నాను" అన్నారు. సభంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "వినకుండా వెళ్లిపోబోయాను" అన్నారు. ఆ రోజు నుంచి మా అత్తగారు వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా వెళ్లి సలహా ఇస్తున్నారు, దానికి కూడా డాక్టరు గారే బాధ్యులు. (నవ్వులు)

ఇప్పటికీ నేను వెళితే చిన్న డాక్టర్లను పిలుస్తారు. పిలిచి, "ఈవిడ షంట్ చక్కగా పనిచేసింది, అందుకే ఈవిడ నడవలేకపోయింది. ఎలాగో చెప్పండి" అని పరీక్ష పెడతారు. వాళ్లు తల గోక్కుంటుంటే మా ఇద్దరికీ సరదాగా ఉంటుంది. వాళ్లలో ఒకమ్మాయి మొదటిసారే, "ఆవిడకి తలనొప్పి ఎప్పుడు వస్తుందో అడగొచ్చా సార్?" అంది. రేపటి నుంచి నా తల ఆ అమ్మాయి చేతుల్లో ఉంటుంది. అమ్మా, అక్కడున్నావా? నీ మీద నాకు నమ్మకం ఉంది. అయినా భయంగా ఉంది. రెండూ నిజమే.

పోయిన వారం చివరిసారి చూపించుకోవడానికి వెళ్లాను. గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయాయి. నా తర్వాత ఆయనకు రోగులు లేరు. "గేటు దాకా నేనూ వస్తాను" అన్నారు, ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లు దిగుతుంటే చూశాను, ఆయన మోకాళ్లు నా కాళ్లకంటే అధ్వాన్నంగా ఉన్నాయి. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఆయన్ని పట్టుకున్నాను. కింద కొత్తగా చేరిన వాచ్‌మన్ మమ్మల్ని చూసి, ఎవరు ఎవరో తెలియక, చక్రాల కుర్చీ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చి, "కూర్చోండి తాతగారూ. అమ్మా, మీరు ఆయన్ని నెమ్మదిగా తీసుకెళ్లండి" అన్నాడు.

ఆయన ఎవరో చెప్పబోయాను. డాక్టరు గారు వద్దని సైగ చేశారు. కుర్చీ వైపు కాసేపు చూశారు. "ఎన్ని వేలమందిని ఇందులో కూర్చోమన్నానో. నేనెప్పుడూ కూర్చోలేదు" అని, కూర్చున్నారు. నేను వెనక నిలబడి పట్టుకున్నాను. ఎనిమిది వేళ్లకు పిడి చల్లగా తగిలింది, రెండిటికి తగల్లేదు. పట్టు మాత్రం గట్టిగానే ఉంది. నేను తోశాను. దారిలో గతుకు వస్తే, "టీచర్ గారూ, నెమ్మది" అన్నారు. "మాట్లాడకుండా కూర్చోండి సార్" అన్నాను. కూర్చున్నారు.

డాక్టరు గారూ, ఈ కాళ్లతో ఇక్కడిదాకా నడిచివచ్చి, ఈ చేతుల్తో మైకు పట్టుకుని మీకు ధన్యవాదాలు చెబుతున్నాను. ఇంతసేపు విన్న పెద్దలకు, ఆపకుండా ఊరుకున్న సూపరింటెండెంట్ గారికి, చాడీలు చెప్పి నన్ను కాపాడిన మా అత్తగారికి కృతజ్ఞతలు. సెలవు తీసుకోవడం నాకు తేలికే. మీకు సెలవు ఇవ్వడానికే మనసు రావడం లేదు. అయినా, సెలవు.